పరీక్ష తెలుగు, పల్లె తెలుగు

క్రైస్తవ బోధ కోసం పరాయి దేశానికి వెళ్లిన మనిషి మొదటి ఒకటి రెండేళ్లు విద్యార్థిగా గడపక తప్పదు. పందొమ్మిదో శతాబ్ది చివర తెలుగునాటికి వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీలకు చాలా సంఘాలు దీన్ని నియమంగానే పెట్టాయి. మొదటి ఏడాది ఒక భాషా పరీక్ష, రెండో ఏడాది మరొకటి. చదవడం, రాయడం, అనువదించడం, ఎదుటి మనిషితో మాట్లాడటం, చివరికి తెలుగులో ఒక ప్రసంగం చేయడం అందులో భాగాలు. ఇది సరైన నియమమే. అయితే పరీక్షలో అడిగే తెలుగు ఒకటి, ఊళ్లో వినిపించే తెలుగు ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరం వికారాబాద్, తాండూరు వైపు మరీ ఎక్కువ.

ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో మూడు భాషల సరిహద్దు మీద ఉండేది. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోవి. రాష్ట్రాల పునర్విభజనతో అవి తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి. గీత మారినంత మాత్రాన మాట మారలేదు. తాండూరు సంతలో తెలుగుతో పాటు కన్నడ నడుస్తుంది, దక్కనీ ఉర్దూ నడుస్తుంది. లంబాడీ తండాల్లో ఇంటి భాష గోర్‌బోలి. నిజాం కాలం చివరి దశాబ్దాల్లో కచేరీ కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉండేవి. కంది చేనులో కైకిలికి పోయే మనిషి ఇంట్లో ఒక భాష, చేనులో ఒక భాష, పట్వారీ ఎదుట మరో భాష వాడటం ఇక్కడ మామూలు విషయం. బడికి వెళ్లనివాళ్లు కూడా అలా రెండు మూడు భాషల్లో నెట్టుకొచ్చేవారు. కొత్తగా దిగిన విదేశీయుడికి ఒక్క తెలుగే కొండంత.

అమెరికన్ మెథడిస్టులు హైదరాబాద్ రాజ్యానికి మొదట వచ్చింది ఇంగ్లిషు మాట్లాడేవాళ్ల కోసం. 1870లో భారతదేశం చేరిన విలియం టేలర్ అనే సువార్తికుడు బొంబాయి, మద్రాసు, బెంగళూరు వంటి పట్టణాల్లో ఆంగ్లో ఇండియన్లను, రైల్వే ఉద్యోగులను, యూరోపియన్లను కూడగట్టి సంఘాలు నెలకొల్పాడు. వాటి ఖర్చు వాటి సభ్యులే భరించాలన్నది ఆయన పట్టుదల. వాడి, సికింద్రాబాద్ మధ్య రైలు దారి 1874లో తెరుచుకుంది. వికారాబాద్, తాండూరు ఆ దారి మీద ఊళ్లే. 1876లో మెథడిస్టుల దక్షిణ భారత కాన్ఫరెన్స్ ఏర్పడింది. ఇంగ్లిషు సంఘాలు నడిపినంతకాలం బోధకుడు స్థానిక భాష నేర్వాల్సిన పని లేకపోయింది. రైలు దారి దాటి పల్లె బాట పట్టినప్పుడు ఆ అవసరం ముంచుకొచ్చింది.

ఆ రోజుల్లో మిషన్లు ప్రాంతాలను తమలో తాము పంచుకునేవి. మెదక్ వైపు బ్రిటిష్ వెస్లియన్లు, మహబూబ్‌నగర్ వైపు అమెరికన్ బాప్టిస్టులు, వికారాబాద్, బీదర్ వైపు అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. పల్లెలో క్రైస్తవుడైన కుటుంబం ఏ శాఖకు చెందాలో చాలాసార్లు ఆ ఊరి స్థానమే తేల్చేది. ఒకే మిషన్ కింద బీదర్‌లో పనిచేసేవారు కన్నడ, వికారాబాద్‌లో పనిచేసేవారు తెలుగు నేర్వాల్సి వచ్చేది. బదిలీ అయితే మళ్లీ అక్షరాల దగ్గర మొదలు.

నేర్చుకునేందుకు పుస్తకాలకు కొదవ లేదు. సెరాంపూర్‌లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో వెలువడ్డాయి. సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో, తెలుగు ఇంగ్లిషు నిఘంటువు 1852లో వచ్చాయి. మిషనరీల చేతుల్లో ఎక్కువగా నలిగింది మాత్రం మచిలీపట్నంలో పనిచేసిన ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో ప్రచురించిన వ్యాకరణం. ఆర్డెన్ అక్షరమాల తర్వాత ముందుగా వాడుక భాషను చెప్పి, గ్రాంథికాన్ని చివరి భాగానికి ఉంచాడు. గిడుగు రామమూర్తి వ్యావహారిక ఉద్యమానికి నాలుగు దశాబ్దాల ముందు ఒక విదేశీయుడు పాఠాన్ని ఆ వరుసలో పెట్టడం గమనించదగ్గ సంగతి. పల్లెకు పోయి మాట్లాడాల్సిన విద్యార్థికి ఏ తెలుగు ముందు కావాలో ఆయనకు అనుభవం చెప్పి ఉండాలి.

ఇంగ్లిషు మాతృభాషగా వచ్చినవారికి ట, త తేడాలు, ల, ళ తేడాలు, ఒత్తులు, దీర్ఘాలు నోటికి రావడానికి నెలలు పట్టేది. వాక్యం చివరికి గాని క్రియ రాకపోవడం అంతకంటే కష్టం. అసమాపక క్రియలను గొలుసులా పేర్చి ఒక పెద్ద సంగతిని ఒక్క వాక్యంలో చెప్పే తీరు పట్టుబడకపోతే బోధ ముక్కముక్కలుగా వినిపిస్తుంది. మేము, మనం తేడా ఇంగ్లిషులో లేనిది. ప్రార్థనలో దేవుడితో మేము అంటారు, ప్రసంగంలో జనంతో మనం అంటారు. అది తారుమారైతే వింటున్నవాళ్లంతా బయటివాళ్లయిపోతారు.

వ్యాకరణం కంటే లోతైన చిక్కు గురువు దగ్గర ఉండేది. తెలుగు చెప్పడానికి మిషన్ పెట్టుకునే పండితుడు తరచు బ్రాహ్మణుడు. ఆయన చెప్పే తెలుగు కావ్యాలు, వ్యాకరణాల తెలుగు. విద్యార్థి ఆ భాష నేర్చి వెళ్లేది మాల, మాదిగ వాడలకు. ఈ ప్రాంతంలో క్రైస్తవ బోధను ఎక్కువగా స్వీకరించింది ఆ వాడలే. పొద్దున పండితుడి ముందు ఒప్పజెప్పిన వాక్యం సాయంత్రం వాడలో ఎవరికీ అందకపోవచ్చు. పండితుడిని తప్పుపట్టలేం, తనకు తెలిసింది ఆయన శ్రద్ధగానే చెప్పాడు. ఎవరి మాట ఆదర్శమని మిషన్ ఎంచుకుందో, ఆ ఎంపికలోనే లోపం ఉంది. వాడలో ఒక ముసలమ్మను కూడా గురువుగా కూర్చోబెట్టుకుంటే చాలా ఏళ్లు కలిసొచ్చేవి.

బైబిల్ తెలుగు కూడా దూరం నుంచి వచ్చిందే. లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి తోడ్పాటుతో అనువాదం చేపట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వారి శ్రమ ఫలం, మూడు సువార్తలు, 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటి నుంచి బైబిల్ తెలుగు ప్రధానంగా కోస్తా పండితుల చేతుల్లో రూపుదిద్దుకుంది. వికారాబాద్ పల్లెల్లో దాన్ని చదివి వినిపిస్తే వెంటనే ఊరి మాటలో మళ్లీ చెప్పేవాళ్లు కావాలి.

ఆ పని చేసింది స్థానికులు. పల్లె బడి పంతుళ్లు, ఉపదేశులు, ఇళ్లలో ఆడవాళ్లకు బోధించే బైబిల్ స్త్రీలు ఊరూరా తిరిగి చెప్పారు. మిషన్ నివేదికల్లో వారి పేర్లు చాలాసార్లు కనిపించవు, దొర పేరో దొరసాని పేరో ఉంటుంది. ఈ చరిత్రలో దిద్దవలసిన మొదటి అన్యాయం ఇదే. విదేశీ స్త్రీలను ఇళ్లలోకి రానిచ్చిన తలుపు కూడా బైబిల్ స్త్రీలు తెరిచిందే. వంటింటి దగ్గర, బావి దగ్గర దొరసానులు విన్న తెలుగు ఏ పరీక్షలోనూ లేదు. వికారాబాద్‌లోని మేరీ నాట్స్ బాలికల పాఠశాల, మిషన్ ఆసుపత్రి లాంటి చోట్ల పనిచేసినవారికి భాష ఇంకా త్వరగా వచ్చి ఉండాలి. రోగి తన నొప్పిని ఎలా చెప్పుకుంటుందో తెలియకుండా మందు ఇవ్వలేరు కదా.

ప్రసంగం చేరని చోటికి పాట చేరింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు శాఖాభేదం లేకుండా తెలుగు క్రైస్తవులందరి నోటా నిలిచాయి. దేశీ రాగాల్లో ఉన్న ఆ పాటలు చదువురానివాళ్లకు కంఠస్థమయ్యాయి. పగలంతా కూలి చేసిన జనం రాత్రి లాంతరు ముందు కూర్చుని పాడుతుంటే, భాష నేర్చుకుంటున్న విదేశీయుడికీ అదే పాఠశాల. దీర్ఘం ఎంతసేపు సాగాలో పాట తప్పుల్లేకుండా నేర్పుతుంది.

వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలు దారిలోనే ధారూరు ఉంది. దాదాపు వందేళ్లుగా అక్కడ ఏటా నవంబరులో మెథడిస్టు క్రైస్తవ జాతర జరుగుతోంది. జనం కుటుంబాలతో వచ్చి గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని, రోజుల తరబడి ప్రార్థనల్లో గడుపుతారు. అమెరికా మెథడిస్టులకు అడవిలో డేరాలు వేసి కూడే ఆచారం పాతది. తెలంగాణ పల్లెకు జాతర అంతకంటే పాతది. ఈ రెండూ ధారూరులో ఒకచోట కలిసినట్టు కనిపిస్తుంది. విదేశీయుల తెలుగు ఎంత బాగుపడినా ఇంత దగ్గరితనం తెచ్చేది కాదు. ఊరి జనం తమ పండుగ పద్ధతిలో విశ్వాసాన్ని నిలుపుకోవడం వల్లే అది వచ్చింది.

పరాయి భాష నేర్చి బోధించినవారంతా తెల్లవారు కారు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు. ఆ సంఘ స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య స్వయంగా డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో అక్కడే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తమిళుడికి తెలుగు వాక్యనిర్మాణం కొత్త కాదు. అయినా పల్లె మాట కోసం పల్లెలో ఉండక తప్పలేదు. అదే 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. సముద్రం దాటి వెళ్లినా ఆయన బోధించింది తెలుగులోనే, తోటల్లో పనిచేసే తెలుగు కూలీలకు. ఒకరికి పొరుగు రాష్ట్రం విదేశమైంది, మరొకరికి ఖండాంతరం సొంతూరైంది.

1981లో మెథడిస్టు చర్చ్ ఇన్ ఇండియా స్వతంత్ర సంఘంగా ఏర్పడింది. ఈ ప్రాంతంలో నేడు బోధించేవారు ఇక్కడివారే. అయినా భాష నేర్చుకునే పని వారికీ తప్పలేదు. తాండూరు నాపరాళ్ల గనులకు, పాలిష్ కేంద్రాలకు ఉత్తరాది నుంచి వచ్చే కూలీలతో మాట్లాడాలంటే హిందీ కావాలి. బషీరాబాద్ వైపు సరిహద్దు ఊళ్లకు కన్నడ కావాలి. తండాల్లో తెలుగు ప్రసంగం అర్థమవుతుంది గాని, ఆడవాళ్లు, ముసలివాళ్లు మనసిచ్చి పాడేది గోర్‌బోలిలో. ఆ భాషకు సొంత లిపి లేదు. తెలంగాణలో దాన్ని తెలుగు అక్షరాలతో, కర్ణాటకలో కన్నడ అక్షరాలతో, మహారాష్ట్రలో దేవనాగరితో రాస్తారు. సరిహద్దుకు ఇరువైపులా బంధువులున్న తండాల కోసం పాటల పుస్తకం వేయాలంటే ఒకే పాటను రెండు లిపుల్లో అచ్చు వేయాల్సిందే.