పటంలో నలుపు, కొండ మీద అసలు లెక్క

ఆస్ట్రియాలోని మేర్‌హోఫెన్‌లో ‘హరాకిరి’ అని ఒక స్కీ బాట ఉంది. దాని గురించి చెప్పేవాళ్లంతా ముందుగా 78 శాతం వాలు అన్న అంకె ఎత్తుతారు. వినగానే దాదాపు నిలువు గోడ అనిపిస్తుంది. కానీ వాలు లెక్కలో 100 శాతం అంటే 45 డిగ్రీలే; 78 శాతం అంటే 38 డిగ్రీలు. అలాగని తీసిపారేయాల్సిన వాలు కాదు. గట్టిపడ్డ మంచు మీద ఇక్కడ కాలు తప్పితే చాలా దూరం జారాకే ఆగుతారు. అయితే హరాకిరిని చదును చేసే యంత్రాలు ఉన్నాయి. పైన కట్టిన ఇనుప తాడు ఆసరాతో దిగి అవి మంచును సాపు చేసి వెళ్తాయి.

అదే 38 డిగ్రీలు, ఎవరూ ముట్టుకోని కొండ మీదైతే సంగతి వేరు. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లో. 38 చుట్టుపక్కల మరీ ఎక్కువ. గట్టి స్కీయర్లు మనసు పారేసుకునే వాలూ, మంచు పలకలుగా తెగిపడటానికి అనువైన వాలూ ఒకటేనన్నమాట. కాబట్టి కష్టమైన కొండ కోసం రిసార్టు వెతుక్కునేవాళ్లకు ఎంత నిటారు అన్నది రెండో ప్రశ్న. అక్కడి మంచుకు కాపలా ఎవరన్నది మొదటిది.

రిసార్టు పటాలు ఈ మొదటి ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పవు. అమెరికాలో ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం, రెండు నల్ల డైమండ్లు మహా కష్టం. ఈ గుర్తులు ఏ రిసార్టు ఆ రిసార్టే, తన కొండ మీది మిగతా బాటలతో పోల్చుకుని పెట్టుకుంటుంది. అందుకే ఒకచోట నల్ల డైమండ్ ఇంకోచోటికి వెళ్తే నీలం చతురస్రమైపోతుంది. యూరప్‌లో నీలం, ఎరుపు, నలుపు వరస. అక్కడ నలుపు అంటే సాధారణంగా కర్రలు పాతి హద్దు గీసిన బాట. రిసార్టు పూచీ ఆ హద్దు వరకే. బాట దిగి పది అడుగులు పక్కకు వెళ్తే ఎవరి ప్రాణానికి వాళ్లే జవాబుదారీ. ఉత్తర అమెరికా పద్ధతి దీనికి భిన్నం. సరిహద్దు తాడు లోపల ఉన్న రాతి అంచులూ, ఇరుకు సందులూ, చెట్ల మధ్య దారులూ అన్నీ రిసార్టు గస్తీ సిబ్బంది చేతిలో ఉంటాయి. రాత్రి మంచు పడితే తెల్లవారుజామునే వెళ్లి పేలుడు పదార్థాలతో చరియల్ని వాళ్లే కావాలని విరగ్గొట్టి, ఆ తర్వాతే జనాన్ని వదులుతారు. ప్రమాదం పూర్తిగా పోదు గానీ చాలా తగ్గుతుంది.

నిటారు కొండ మీద స్కీయింగ్‌కు తనదైన విద్య ఉంది. కాలిఫోర్నియాలోని పాలిసేడ్స్ టాహోలో కేటీ-22 అనే శిఖరానికి ఆ పేరు రావడానికి కారణం ఒక మహిళ. అక్కడి రిసార్టుకు ఆద్యుల్లో ఒకడైన వేన్ పౌల్సన్ భార్య శాండీ, ఆ కొండ దిగడానికి ఇరవై రెండు ‘కిక్ టర్న్’లు తీసుకుంది. వాలుకు అడ్డంగా నిలబడి, ఒక స్కీని పైకెత్తి, గాల్లోనే వెనక్కి తిప్పి, రెండోదాన్ని దాని పక్కకు చేర్చడం కిక్ టర్న్. చూడటానికి ఏమంత సొగసుగా ఉండదు. అయినా చోటులేని చోట ప్రాణం నిలబెట్టేది అదే.

చోటు కాస్త ఉంటే ‘జంప్ టర్న్’. కింది స్కీ ఉక్కు అంచు మంచులో దిగబడి ఉంటుంది. స్కీయర్ చేతికర్రను తన కిందివైపు గుచ్చి, మోకాళ్లు వంచి, ఛాతీని లోయ వైపు తిప్పుతాడు. ఒక్క ఎగురు ఎగిరి గాల్లోనే రెండు స్కీలనూ అటు తిప్పి, మళ్లీ వాలుకు అడ్డంగా దిగి అక్కడికక్కడే ఆగుతాడు. అంతా రెండు క్షణాల పని. ఇక్కడ పెద్ద శత్రువు సహజబుద్ధి. భయం వేయగానే ఒళ్లు కొండ వైపు వాలుతుంది, బరువు వెనక్కి పోతుంది, అంచు పట్టు వదులుతుంది. నిటారు వాలు మీద పట్టు నిలవాలంటే బరువు కింది కాలి మీద, లోయ వైపే ఉండాలి. శిక్షకులు ఎన్నిసార్లు చెప్పినా చెప్పేది ఇదే.

ఈ విద్యను ఆల్ప్స్‌లో కొత్త మలుపు తిప్పినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన సిల్వెన్ సోడాన్. 1967లో షామొనీ దగ్గరి స్పెన్సర్ కూల్వార్ దిగాడు. కూల్వార్ అంటే రెండు రాతి గోడల మధ్య మంచు నిండిన నిటారు సందు. అప్పటిదాకా అక్కడికి తాళ్లు పట్టుకుని వెళ్లినవాళ్లు పర్వతారోహకులే. ఎగరకుండా, మడమల మీద బరువు ఉంచి రెండు స్కీలనూ కారు అద్దం మీది వైపర్లలా ఒకేసారి తిప్పడం సోడాన్ పద్ధతి. తర్వాతి ఫ్రెంచి స్కీయర్లు పై కాలితో తన్ని ఎగిరే మలుపును ఎక్కువగా వాడారు. సోడాన్ 1977లో కశ్మీర్ వైపు నున్ శిఖరాన్నీ, 1982లో కారాకోరంలో 8,080 మీటర్ల హిడెన్ పీక్‌నూ స్కీల మీద దిగాడు. తర్వాత కశ్మీర్‌లో హెలికాప్టర్ స్కీయింగ్ కూడా నడిపాడు. కెనడాలోని బ్లాక్‌కోంబ్‌లో ఒక కూల్వార్‌కు ఆయన్ను అడక్కుండానే ఆయన పేరు పెట్టేశారు. ఆయన అభ్యంతరం చెప్పడంతో దాన్ని ‘కూల్వార్ ఎక్‌స్ట్రీమ్’గా మార్చారు. పాతవాళ్ల నోట మాత్రం ఇంకా సోడాన్ పేరే.

ఇక కొండల దగ్గరికి వద్దాం. ఈ విద్య నేర్చుకునేవాళ్లకు వ్యోమింగ్‌లోని జాక్సన్ హోల్‌ను మించింది కనబడదు. అడుగు నుంచి ట్రామ్ ఎక్కితే సుమారు 1,260 మీటర్ల ఎత్తు ఒకే దఫాలో చేతికొస్తుంది. పైన దిగగానే కార్బెట్స్ కూల్వార్. 1960లో దాన్ని చూసి, ఎవరో ఒకరు ఏదో ఒకరోజు దీన్ని దిగుతారన్న బారీ కార్బెట్ పేరే దానికి స్థిరపడింది. 1967లో లానీ బాల్ అంచు మీద నిలబడి ఉండగా కింద మంచు కప్పు విరిగింది. లోపల పడ్డవాడు చేసేదేం లేక కిందిదాకా దిగాడు. మొదటి అవరోహణ అలా జరిగిపోయింది! నేటికీ లోపలికి వెళ్లడమంటే దూకడమే. మంచు ఎంత పేరుకుందన్నదాన్ని బట్టి పది అడుగులు కావచ్చు, ఇరవై కావచ్చు. దూకిన మరుక్షణం రాతి గోడ ముంచుకొస్తుంది కాబట్టి వెంటనే మలుపు తిరగాలి. అంచు దాకా వచ్చి, తొంగి చూసి, వెనక్కి తిరిగిపోయేవాళ్లే ఎక్కువ. అక్కడ ఎవరూ వాళ్లను చిన్నచూపు చూడరు.

యూటాలోని ఆల్టా స్వభావం వేరు. 1939 నుంచి నడుస్తున్న ఈ రిసార్టు నేటికీ స్నోబోర్డులను రానివ్వదు. అక్కడి మంచు పొడి, తేలిక, లోతు. పడినా దెబ్బ తక్కువ కనుక కాస్త నిటారు వాలులో ధైర్యం చేయడానికి అనువైన చోటు. ఉత్తర అమెరికాలో మంచుచరియల అధ్యయనానికి పునాది పడిందీ ఈ లోయలోనే. రోడ్డు మీద చరియలు పడే ముప్పుండటంతో ఒక్కోసారి లోయంతా మూసేస్తారు. రిసార్టులో ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడే.

ఆల్ప్స్ ముచ్చట మరోలా ఉంటుంది. షామొనీలో ఏగ్వీ ద్యు మిదీ రోప్‌వే ఎక్కితే 3,800 మీటర్ల దగ్గర దించుతుంది. మంచులో తొలిచిన సొరంగం దాటగానే, రెండు వైపులా లోయలున్న సన్నని మంచు కట్ట. స్కీలు వీపున కట్టుకుని, తాడు పట్టుకుని నడిచి దిగాలి. అక్కడి నుంచి వల్లీ బ్లాంష్ మొదలు. సుమారు 20 కిలోమీటర్ల హిమానీనదం మీది ప్రయాణం. వాలు చూస్తే మధ్యరకం స్కీయర్‌కూ అందుతుంది. కానీ మంచు కింద కనబడని పగుళ్లు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. గైడు లేకుండా వెళ్లడం తెలివితక్కువ పని. నిటారు తక్కువ, ముప్పు ఎక్కువ అన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. హిమానీనదం కుంచించుకుపోతూ ఉండటంతో చివర్లో రైలు స్టేషన్‌కు ఎక్కే మెట్లు ఏటికేడు పెరిగి అయిదొందలు దాటాయి. 2024లో కొత్త గొండోలా వచ్చాక ఆ అవస్థ తగ్గింది. అదే ఊళ్లో నిటారు స్కీయింగ్‌కు పేరుపడ్డ గ్రాండ్ మోంతే పై రోప్‌వే 2018 సెప్టెంబరులో మంటల్లో దెబ్బతిని ఆగిపోయింది. పాత పుస్తకాల పొగడ్తలు నమ్మి టికెట్టు కొనకుండా, ఇవాళ ఏ లిఫ్టు తిరుగుతోందో కనుక్కోవడం మేలు.

ఆల్ప్స్‌లోనే ఉన్న లా గ్రావ్ సంగతి ఇంకా తీవ్రం. లా మేజ్ శిఖరం పక్కన, 1,450 మీటర్ల దగ్గరి ఊరి నుంచి 3,200 మీటర్లకు ఒక పాత గొండోలా. దాని కింద చదును చేసిన బాట అనేదే లేదు. జాక్సన్ హోల్‌లో ధీమాగా దిగేవాడు ఇక్కడికొస్తే మొదటి రోజే గైడును పెట్టుకోవాలి. ఏ సందు కింద రాతి అంచు దగ్గర అంతమవుతుందో తెలిసినవాడు లేకపోతే ఎంత నైపుణ్యమున్నా లాభం లేదు.

మన దేశంలో ఈ వరసలో నిలబడేది గుల్మార్గ్. హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లే కుటుంబాలు గొండోలాలో పైకెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తాయి. అదే గొండోలా రెండో దశ, 2005 నుంచి, అఫర్వాట్ భుజం మీద సుమారు 3,980 మీటర్ల వరకు తీసుకెళ్తుంది. దిగువన గుల్మార్గ్ మైదానం 2,650 మీటర్లు. గస్తీ సిబ్బంది గొండోలా చుట్టుపక్కలి భాగం చూసుకుంటారు. కొండ భుజం మీద కాస్త అటో ఇటో వెళితే హిమాలయమే. చరియ కింద చిక్కుకున్నవాణ్ని మొదటి పావుగంటలోనే తవ్వి తీయాలి. ఆ తర్వాత బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో బయటి సాయం రాదు, పక్కనున్నవాళ్లే తవ్వాలి. అందుకే సిగ్నల్ పంపే ట్రాన్స్‌సీవర్, మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. వాటిని వాడటం ముందే సాధన చేసి ఉండాలి.

గుల్మార్గ్‌కు ఇంకో చిక్కు ఉంది, కాలం మాట వినదు. కశ్మీరీలు చిల్లై కలాన్ అనే నలభై రోజుల గట్టి చలికాలం డిసెంబరు 21న మొదలవుతుంది. 2024 జనవరిలో ఆ రోజుల్లోనే గుల్మార్గ్ మైదానం మంచు లేక బోసిపోయింది. నెలాఖరు నుంచి మంచు మొదలైంది. ఫిబ్రవరి 22న మంచుచరియ కూలి ఒక రష్యా స్కీయర్ చనిపోయాడు. పొడి కాలం తర్వాత ఒక్కసారిగా పడ్డ కొత్త మంచు, కింద ఉన్న పాత పొరతో సరిగా అతుక్కోక చరియగా తెగిపడటం ఎక్కడైనా జరిగేదే. అమెరికాలో అనేక రిసార్టులకు పనికొచ్చే ఐకాన్ పాస్ కొన్నవాళ్లు ఒక కొండ బాగోకపోతే ఇంకో కొండకు కారు తిప్పుకుంటారు. గుల్మార్గ్‌కు ఆ వెసులుబాటు లేదు కాబట్టి, తిరుగు టికెట్టును మార్చుకునే వీలున్నది తీసుకుని, గొండోలా రెండో దశ మూతపడే రోజుల కోసం రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకుని వెళ్లాలి.