చేనుకూ గనికీ మధ్య తెగిపోయిన కథ

1886లో నిజాం ప్రభుత్వం రాజ్యంలోని ఖనిజాలపై హక్కును 99 ఏళ్లకు ఆంగ్ల పెట్టుబడిదారులకు ధారాదత్తం చేసింది. ఆ బేరం నుంచి లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. దాని వాటాల కుంభకోణం 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ దాకా పోయింది. సింగరేణి బొగ్గుకూ, రాయచూరు జిల్లా హట్టి బంగారానికీ మూలం ఆ ఒక్క కాగితమే.

సింగరేణి తెలుగు కథలోకీ పాటలోకీ నడిచి వచ్చింది. హట్టికి ఆ చోటు దొరకలేదు. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ గీత దగ్గరే మన విమర్శ చూపూ ఆగిపోయింది. అది కన్నడసీమ కదా అనవచ్చు. కాని రాష్ట్రాల సరిహద్దులు గీసినంత మాత్రాన చరిత్ర తెగదు.

రాయచూరు కృష్ణా తుంగభద్రల నడుమ నేల. జొన్న, పత్తి పండే నల్లరేగడి. వాన తప్పితే కరువు. 1876-78 కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. అదే నేల కింద బంగారం ఉంది. రాతిని నిప్పుతో కాల్చి పగలగొడుతూ ప్రాచీనులు హట్టిలో సుమారు 640 అడుగుల లోతుకు దిగారు. 1915లో బంగారపు పనిమీద తిరుగుతున్న బీడన్ అనే ఇంజినీరు మస్కి దగ్గర అశోకుని శాసనాన్ని చూశాడు. ఆ రాతి మీద చక్రవర్తి పేరుంది. గనిలోకి దిగినవాని పేరు ఏ రాతి మీదా లేదు.

1909 నాటి గెజిటీరులో వ్యవసాయానికి ఒక శీర్షిక, గనులకు వేరొక శీర్షిక. పాలకుని లెక్కకు అది చాలు. విచారమేమంటే, మన సాహిత్య విమర్శ కూడా ఆ శీర్షికలనే అరువు తెచ్చుకుంది: ఇది రైతు సాహిత్యం, అది కార్మిక సాహిత్యం. మొదటిదానిలో దొరను, రెండవదానిలో సమ్మెను వెదికి తృప్తిపడ్డాం. కరువు ఏటి చేనుకూ గని గేటుకూ మధ్య నడిచే మనిషి ఏ శీర్షికకూ చెందక జారిపోయాడు. 1920 నాటికి హట్టి గని మూతపడింది. 1947లో ఏర్పడిన కొత్త కంపెనీ దాన్ని మళ్లీ తెరిచింది. ఆ నడుమ కాలంలో గని మీద బతికినవారు ఏమయ్యారు? ఈ ప్రశ్న అడగవలసినది చరిత్రకారుడొక్కడే కాదు.

ఇంకొక ఇబ్బంది మనదే. 1953లో తుంగభద్ర నీరు కాలువలకెక్కాక కోస్తా తెలుగు రైతులు సింధనూరు, గంగావతి ప్రాంతాలకు తరలివెళ్లి భూములు కొన్నారు. వారి ఊళ్లను నేటికీ క్యాంపులనే అంటారు. జొన్నచేలు వరిమళ్లయ్యాయి. ఆ రైతుల శ్రమ నిజం. భూమి అమ్ముకున్న స్థానిక మెట్టరైతు ఉన్నాడన్నదీ నిజమే. రైతును బాధితుడిగానే చూడ నేర్చిన మన కథ, తనవాడే కొనుగోలుదారుగా నిలిచేచోట మౌనం వహిస్తుంది. ఆ మౌనం వస్తులోపం కాదు, దృక్పథలోపం.

కోలారు 2001లో మూతపడ్డాక కూడా హట్టి గని నడుస్తూనే ఉంది. పక్క తాలూకాలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంది. అక్కడికి పోయే రచయిత గనికొక కథ, పొలానికొక కథ రాయనక్కరలేదు. జొన్నచేను అమ్మినవాడు, కొన్నవాడు, గనిలోకి దిగినవాడు ముగ్గురూ ఒకే కథలో ఎదురుపడాలి. వారిలో ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకోవడం అప్పుడు నినాదమంత సులువు కాదు. అభ్యుదయ రచనకు అసలు పరీక్ష అదే.