ఎదురాడితేనే చదువు

ఏలూరుకి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని పెదవేగి ఒకప్పటి వేంగి. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశపు రాజధానిగా చెప్పిన నగరం ఇదేనని చరిత్రకారుల అంచనా. ఆయన తర్వాత ధాన్యకటకం చేరి, సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలపాటు మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నాడు. తనకు వచ్చిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. పరాయి దేశంలో శిష్యుడూ ఆయనే, గురువూ ఆయనే.

ఇలా ఒకరికొకరు చెప్పుకుంటూ కలిసి చదవడాన్నే నిత్యసాధనగా చేసుకున్నవాళ్లు యూదులు. హైస్కూలు ముగిశాక, కాలేజీలో చేరకముందు, అమెరికా, బ్రిటన్‌ల నుంచి ఎందరో యూదు యువతీయువకులు ఏడాదిపాటు ఇజ్రాయెల్ వెళ్లి మతగ్రంథాలు చదువుతారు. అబ్బాయిలు చేరే పాఠశాల యెషివా. లైబ్రరీలో ఉండే నిశ్శబ్దాన్ని ఊహించుకుని అక్కడి చదువుల హాల్లో అడుగుపెట్టినవాడు బిత్తరపోతాడు. కైకలూరు వైపు చేపల వేలంపాటలా ఉంటుంది ఆ రొద.

కారణం హెవ్రూతా, అంటే జంటగా చదవడం. ఇద్దరేసి ఎదురెదురుగా కూర్చుంటారు. వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ పుటలో మధ్యన మూలం, లోపలి అంచున 11వ శతాబ్దపు రాషీ వ్యాఖ్య, బయటి అంచున ఆయన తర్వాతివాళ్లు రాషీని నిలదీసిన తోసఫోత్. అంటే అచ్చులోనే తగువు ఉంది! అరమాయిక్ మూలానికి అచ్చుగుర్తులుండవు, విరామచిహ్నాలుండవు. వాక్యం ఎక్కడ ముగిసిందో, అది ప్రశ్నో జవాబో చదివేవాడే తేల్చుకోవాలి. ఒకడు పైకి చదివి అర్థం చెబుతాడు, రెండోవాడు దాన్ని పడగొట్టడానికి చూస్తాడు. గంటల తరబడి ఇలా కుస్తీ పట్టాకే గురువు పాఠం మొదలవుతుంది.

ఈ పద్ధతి విలువ తాల్ముద్ చెప్పే కథలోనే ఉంది. రేష్ లాకీష్ అనే పండితుడు చనిపోయాక, దుఃఖంలో ఉన్న ఆయన చదువుల జోడీ యోహనాన్‌కు తోడుగా పండితులు ఎల్యాజర్‌ని పంపారు. యోహనాన్ ఏం చెప్పినా ఎల్యాజర్ దానికి ప్రమాణం చూపి బలపరిచేవాడు. యోహనాన్‌కు అది మింగుడుపడలేదు. పాత మిత్రుడు తన ప్రతి మాటకూ 24 ఆక్షేపణలు తెచ్చేవాడు, వాటికి 24 సమాధానాలు వెతకబట్టే ధర్మం విస్తరించింది. తను చెప్పింది సరైనదేనని తనకు తెలియదా, మరొకరు చెప్పాలా అన్నది ఆయన బాధ. నా దృష్టిలో మొత్తం సంప్రదాయానికి ఇంతకంటే మంచి పరిచయం లేదు.

వాదనలో గెలిచేవాడికి అహం పెరగదా? పెరుగుతుంది. అందుకే కొన్ని యెషివాల్లో ముసార్ అనే శీలశిక్షణ కూడా ఉంటుంది. 1808లో మెనహెమ్ మెండెల్ లెఫిన్ అనే యూదు రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర అరువు తెచ్చుకున్న ఉపాయం దీనికి బాగా అక్కరకొచ్చింది: 13 గుణాలు, వారానికొకటి, రోజూ రాత్రి తప్పులకు చుక్కలు. ఏడాదిలో నాలుగు ఆవృత్తులు.

ఇజ్రాయెల్ నుంచి ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు సబ్బాతు విశ్రాంతిదిన నియమాల్లో తల్లిదండ్రులను మించిపోవడం ఆ కుటుంబాల్లో పెద్ద చర్చ. ఆ ఏడాది ప్రభావం మీద 2007లో ఏకంగా ఒక పుస్తకమే వచ్చింది.

తెలుగు నేలమీద కథ వేరు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివర్లో తాము ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీముకు చెందినవాళ్లమని ప్రకటించుకున్నాయి. అంతకుముందు క్రైస్తవ బోధకుడైన ష్ముయేల్ యాకోబి 1980లలో జెరూసలేం వెళ్లివచ్చాక ఈ దారికి పునాది పడింది. సినగాగు అనే ప్రార్థనామందిరం కట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకుంటున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిపై పుస్తకం రాశారు. గోత్రం నిజమా కాదా అని బయటివాళ్లు తెగ తర్కిస్తారు. ఆ ప్రశ్నకు రుజువు దొరకడం కష్టం. యూదు ధర్మంలోకి ఇంకో దారి మాత్రం తెరిచే ఉంది: చదువుకుని, ఆచరించి, ముగ్గురు న్యాయనిర్ణేతల సభ ముందు నిలబడటం. అమెరికా కుర్రాడికి ఆ ఏడాది చదువు పుట్టుకతో వచ్చినదాన్ని తెలుసుకోవడం, కొత్తరెడ్డిపాలెం యువకుడికి చదువే ప్రవేశ పరీక్ష.