సమర్‌కంద్ వాళ్లు

హైదరాబాద్ యూసుఫ్‌గూడలో మీది ఏ ఊరని అడిగితే ఎవరూ ‘వాసులం’, ‘నివాసులం’ అనరు. నెల్లూరోళ్లం, పాలమూరోళ్లం అంటారు. సినిమా వేషాల కోసం వచ్చి పక్కనే కృష్ణానగర్ గదుల్లో సర్దుకునే కుర్రాళ్లకైతే సొంత పేరుకన్నా ఊరి పేరే ముందు స్థిరపడుతుంది. నోటికి ఇంత సులువుగా వచ్చేది పత్రిక డెస్కులో కూర్చోగానే బరువెక్కిపోతుంది. దూరపు ఊరైతే మరీను.

సమర్‌కంద్ సంగతే చూడండి. ఏజెన్సీ వార్తలో ఆ పేరు కనబడగానే అక్కడి జనాన్ని ‘ఉజ్బెక్‌లు’ అని రాసేస్తున్నాం, దేశం ఉజ్బెకిస్తాన్ కదా అని. సమర్‌కంద్‌లో, బుఖారాలో తరతరాలుగా ఇంట్లో తాజిక్ మాట్లాడే కుటుంబాలు ఎన్నో. తాజిక్ ఫార్సీకి చెందిన భాష, ఉజ్బెక్ తుర్కిక్ కుటుంబానిది. 1924లో సోవియట్ పాలకులు సరిహద్దులు గీసినప్పుడు రెండు ఊళ్లూ ఉజ్బెకిస్తాన్‌లో పడ్డాయి. మన ఒక్క మాటతో ఆ ఇళ్లలోని భాష లేకుండా పోతోంది. కజకిస్తాన్ విషయంలోనూ ఇదే తప్పు జరుగుతోంది. అల్మాటీలో పుట్టి పెరిగిన రష్యన్ కజకిస్తాన్ పౌరుడే, కజక్ మాత్రం కాడు.

అక్కడివాళ్లు ఊరి పేరునే వాడుకుంటారు. ఉజ్బెక్‌లో చివర ‘లిక్’ చేరుస్తారు: సమర్‌కంద్‌లిక్. తాజిక్‌లో ఒక్క దీర్ఘం చాలు: సమర్‌కందీ. హైదరాబాదీ అన్న మాటలో ఉన్నదీ ఆ ఫార్సీ ‘ఈ’కారమే. మాటల బంధమే కాదు, మనుషుల బంధమూ ఉంది. మొదటి నిజాం తాత ఖ్వాజా ఆబిద్ సమర్‌కంద్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1687 నాటి గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. ఆయన సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఉంది.

ఆ రాకపోకలకు దారులు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. మా యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ నిమ్స్‌మేకు, భారత ప్రభుత్వం విదేశాలకు అందించే ఐటెక్ శిక్షణ కోసం విదేశీ అధికారులు వస్తుంటారు. ఐటెక్ దేశాల జాబితాలో ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్ రెండూ ఉన్నాయి.

‘సమర్‌కందీయులు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. భారతీయులు, యూరోపీయులు అన్నంత తేలిగ్గా అది ఊరి పేరుకు అతకదు, చదివేవాడి నాలుక తడబడుతుంది. శీర్షికకు ‘సమర్‌కంద్ వాసులు’ సరిపోతుంది. కథనంలో ‘సమర్‌కంద్ వాళ్లు’ అన్నా పరువేమీ తగ్గదు, మనం రోజూ మాట్లాడుకునే తెలుగే అది.

డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు నా మనవి ఒక్కటే. ఊరు తెలిసినప్పుడు ఊరి పేరుతోనే రాయండి. జాతి పేరు మాత్రం ఆ మనిషి చెప్పుకుంటేనే పెట్టండి.