కోనసముద్రం తూకం

సింగరేణి గనుల మధ్య బతికేవాళ్లకు బొగ్గంటే కరెంటు. ఆ గనుల పక్కన పారే గోదావరి వెంట ఎగువకు, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వెళితే, బొగ్గుతో మనవాళ్లు సాధించిన ఇంకో పని కనిపిస్తుంది. 1820ల్లో, దేశాన్ని కొలిచే లాంబ్టన్ సర్వే బృందంలోని డాక్టరు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ అక్కడి ఉక్కు కొలుములను దగ్గరుండి చూసి రాసిపెట్టాడు. ఆయన పోయాక, 1832లో అది అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వర్తకుడొకడు తూకాల దగ్గర తానే నిలబడేవాడట. తయారైన ఉక్కు సాగుతుందో లేదో స్వయంగా పరీక్షించుకునేవాడట.

ఆ తూకమే నన్ను పట్టేసింది. మిర్తపల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు. ఇనుమూ ఇనుమూ కలిపితే వచ్చేదేమిటి?

జవాబు కోసం ముందు ఇనుము స్వభావం చూడాలి. లోహాలు మనిషికి చిక్కిన వరుస చాలావరకు వాటి చురుకుదనాన్ని బట్టే సాగింది. బంగారం ఆక్సిజన్‌తో కలవదు కాబట్టి ఏటి ఇసుకలో లోహంగానే మెరుస్తూ దొరికింది. రాగి పెద్దగా మొరాయించకుండా ఖనిజాన్ని వదిలి వచ్చింది. ఇనుము ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, అయినా మండే బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ దాన్ని లాగేయగలదు. అల్యూమినియం ఆ కొలిమికి లొంగదు. వాయిసీ తిరిగిన దశకంలోనే, 1825లో, డెన్మార్క్‌లో అయర్‌స్టెడ్ దాన్ని విడదీయడానికి అంతకన్నా చురుకైన పొటాషియాన్ని వాడాల్సి వచ్చింది.

ఖనిజం నుంచి ఇనుము రాబట్టడం ఒక ఎత్తు, ఉక్కు చేయడం ఇంకో ఎత్తు. మామూలు కొలిమిలో ఇనుము కరగదు, అందుకు 1538 డిగ్రీలు కావాలి. ఖనిజం నుంచి ఆక్సిజన్ పోయాక చిట్టెంతో కలిసిన బొరియల ముద్దగా మిగులుతుంది. దానికి కార్బన్ చేరితే కరిగే వేడి తగ్గుతుంది. అయితే నూటికి నాలుగు పాళ్లు చేరిందా, సుత్తి దెబ్బకు పగిలే పోత ఇనుము అవుతుంది. కావలసింది ఒకటిన్నర పాళ్ల చుట్టుపక్కల. కొండాపూర్ ఇనుములో కార్బన్ ఎక్కువ, మిర్తపల్లి దానిలో తక్కువ అయి ఉంటుందనీ, మూడుకు రెండు అన్న లెక్క ఆ కార్బన్‌ను సరిచూడటానికేననీ పండితుల ఊహ. నాకూ అదే సరైనదనిపిస్తుంది. కార్బన్ పేరైనా తెలియని కమ్మరి, దాన్ని తక్కెడలో తూచాడు!

ఇక ఆ రెండు ఇనుములనూ కలిపి కరిగించే మూసను చూడండి. వేడికి ఓర్చే మట్టిలో వడ్ల ఊక కలిపి చేసేవారు. ఊక కాలినా దానిలోని సిలికా, కార్బన్ మట్టి గోడలో మిగిలి, ఆ మంటలో మూస కూలకుండా నిలబెట్టేవి. లోపల గాజుముక్క ఒకటి వేసేవారు. అది కరిగి ఇనుము మీద పొరలా పరుచుకుని, గాలి తగలకుండా కాపాడేది. తిత్తులు ఊదేవాళ్లు వంతులు మారుతూ రోజంతా మంట తగ్గనిచ్చేవారు కాదు.

అప్పుడు వచ్చే ఉక్కు బిళ్ల ఇంకా పెళుసే. మట్టి పూసి పన్నెండు నుంచి పదహారు గంటలు కాల్చి, చల్లార్చి, మళ్లీ కాల్చి, సాగేదాకా మూడు నాలుగు సార్లు ఇదే పని. పర్షియాలో కత్తిగా మారినప్పుడు దాని ఒంటి మీద నీటి అలల్లాంటి గీతలు తేలేవి. ఇనుములో కార్బన్ గట్టి కణాలుగా వరుసకట్టిన జాడలవి.

ఆ కొలుముల్లో మండింది కట్టెబొగ్గు. సింగరేణి బొగ్గు గట్టి కోక్‌గా మారదు, ఊదుడు కొలిమికి పనికిరాదు. కానీ 1980లో పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా కర్మాగారం ఆ బొగ్గుతోనే, తిరిగే బట్టీలో, ఖనిజాన్ని కరిగించకుండా ఇనుము చేసి చూపించింది. బట్టీ లోంచి వచ్చినది పాత కొలిమి ముద్దలాగే ఒళ్లంతా బొరియలతో ఉంటుంది.