శిల్పం పక్క అంచు

మ్యూజియంలో నాదొక వింత అలవాటు. అందరూ శిల్పం ముఖం చూస్తుంటే నేను పక్కకు వెళ్లి రాతి అంచు చూస్తాను. జేబులో పదింతలు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఉంటుంది. కాపలా మనిషి అనుమానంగా దగ్గరికొచ్చి, "అక్కడేముంది సార్, బొమ్మ ఇటుంది కదా" అంటాడు. నవ్వి ఊరుకుంటాను.

అమరావతి బౌద్ధ స్తూపపు ఫలకాలను ఇలా పక్కనుంచి చూడటం మొదలుపెట్టాక అక్కడి శిల్పుల మీద నా గౌరవం రెట్టింపైంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ ఉన్న ఆ ఫలకాలను పాలరాతి శిల్పాలనడం రివాజు. నిజానికి అది పల్నాటి సున్నపురాయి. మన ఇళ్లలో నేలకు పరిచే నాపరాయికి దగ్గరి చుట్టం. తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. పాలరాయి దొరకకపోవడమే అమరావతికి కలిసొచ్చిందని నా వాదన.

సున్నపురాయే పాలరాయిగా మారుతుంది. భూమి లోతుల్లోకి దిగబడి వేడికీ ఒత్తిడికీ లోనైతే, అందులోని కాల్సైట్ రేణువులు కరగకుండానే కొత్త స్ఫటికాలుగా పెరిగి ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. పాత పొరలూ గవ్వలూ చాలావరకు చెరిగిపోతాయి. ఇటలీలోని కరారా కొండలకు జరిగింది ఇదే. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో పేరుకున్న సున్నం, అపెనైన్ పర్వతాలు లేచే క్రమంలో నలిగి పాలరాయి అయింది. మంచి దిమ్మ దొరికితే ఏ వైపు నుంచైనా ఉలి దించవచ్చు. మైకెలాంజెలో 1501లో చేపట్టిన డేవిడ్ విగ్రహం అయిదు మీటర్లకు పైగా ఎత్తు, అంతా ఒకే రాయి. పైగా వెలుతురు ఆ స్ఫటికాల్లోకి కాస్త చొరబడి వెనక్కి వస్తుంది. పాలరాతి భుజం ఒంటి చర్మంలా కనిపించడానికి కారణం అదే.

రెండు రాళ్లలోనూ ఉన్నది కాల్షియం కార్బనేటే. ఆసిడ్ చుక్క వేస్తే రెండూ ఒకేలా బుసబుస పొంగుతాయి. తేడా పట్టించేది భూతద్దమే. పాలరాయి విరిగిన చోట పంచదార పలుకుల్లా తళుకులుంటాయి. పల్నాటి రాయిలో పలుకు కంటికి ఆనదు.

ఆనకపోవడానికి కారణం దాని పుట్టుకలో ఉంది. కర్నూలు, పల్నాడు ప్రాంతాల్లో పరుచుకున్న ఈ రాయి వయసు 50 కోట్ల ఏళ్ల పైమాటే. గవ్వలు కట్టుకునే ప్రాణులు ఇంకా రాని కాలంలో, సముద్రం అడుగున మెత్తటి సున్నపు బురద పొర మీద పొరగా దిగింది. ఉలికి గవ్వముక్క అడ్డు తగలదు. కాబట్టి సన్నటి గీత కూడా తెగిపోకుండా సాగుతుంది. ఇక పొరలున్నాయి కనుక రాయి పలకలుగా లేస్తుంది, డేవిడ్‌కు సరిపడే దిమ్మగా రాదు. వెలుతురును లోపలికి రానివ్వదు కనుక చర్మపు మెరుపు ఆశించలేం.

అమరావతి శిల్పి అలాంటి పలకనే లోకం చేసుకున్నాడు. చెన్నైలో ఉన్న నలగిరి ఏనుగు ఫలకం చూడండి. ఒకే వృత్తంలో అటు మదించి జనాన్ని తొక్కుతున్న ఏనుగు, ఇటు బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు. పైన గవాక్షాల్లోంచి తొంగిచూసే ముఖాలు. ఇంత గుంపును నిలబెట్టింది గీతా నీడా మాత్రమే. ఇంకో పలక మీద పూర్ణకుంభం ఉంది. దాన్ని స్తూపానికిచ్చినవాడు విధికుడనే చర్మకారుడని శాసనం చెబుతోంది. రాజుల పేర్లకంటే నాకు ఆ పేరే ఎక్కువ గుర్తుంటుంది.

ఉలికి లొంగిన ఆ రాయికి అందులోని సున్నమే ముప్పు తెచ్చింది. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. 1816లో సర్వేయర్ కాలిన్ మెకంజీ బృందం కొలతలు తీసేనాటికే స్తూపం రాళ్లు ఎన్నో ఊరి కట్టడాల్లోకి చేరాయి. సున్నపు బట్టీలకు పోయినవీ ఉన్నాయి. చెక్కిన పలకను బట్టీలో వేయడం తలచుకుంటే ఒళ్లు మండుతుంది. అయితే ఇల్లు కట్టుకునేవాడికి ఆ రాయిలో కనిపించేది సున్నమే, అదీ నిజమే. పిడుగురాళ్ల బట్టీలూ పల్నాటి సిమెంటు ఫ్యాక్టరీలూ ఈనాటికీ ఆ సున్నపురాతి మీదే బతుకుతున్నాయి.

బట్టీని తప్పించుకున్నవాటికి వేరే కష్టాలొచ్చాయి. మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు తరలించిన వాటిలో చాలా పలకలు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అక్కడి బొగ్గుపొగలోని గంధకం తేమతో కలిస్తే ఇలాంటి రాతిమీద జిప్సం పెచ్చు కడుతుంది. ఇప్పుడవి 1992లో తెరిచిన ప్రత్యేక గ్యాలరీలో, గాజు వెనుక ఉన్నాయి. మద్రాసులో మిగిలినవాటిని గోడలో సిమెంటుతో బిగించారు. సిమెంటులోని లవణాలు తడితోపాటు రాతిలోకి పాకి, ఆరినప్పుడు స్ఫటికాలై, పొరలను లోపలినుంచి నెట్టాయి. పాలరాయి అయినా ఎండావానల్లో ఉంటే చిరంజీవి ఏమీ కాదు. వేడికి కాల్సైట్ స్ఫటికం ఒక దిక్కున సాగి మరో దిక్కున కుంచించుకుపోతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే పలుకుల పట్టు సడలి రాయి చేతికి పొడిగా రాలుతుంది.

పల్నాడులోని దుర్గిలో సున్నపురాయి చెక్కే శిల్పులు ఇప్పటికీ ఉన్నారు. మీరు అటు వెళితే పూర్తయిన బొమ్మల దగ్గరే ఆగిపోకండి. ఇంకా ఉలి పడని పలకను పక్కకు తిప్పించి, అంచు మీద కాస్త నీళ్లు చల్లమనండి. తడికి పొరల గీతలు తేలతాయి. ఏ గీత దగ్గర రాయి విడిపోతుందో, ఎంత లోతుకు ఉలి దించవచ్చో శిల్పిని అడగండి.