మునిగిన రెండు వరులు

స్వర్ణ గురించి తెలుగు పాఠకుడికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మార్టేరులో పుట్టిన ఎంటీయూ 7029 మన చేలు దాటి ఒడిశాకు, బెంగాలుకు కూడా సొంత ధాన్యమైంది. ముంపును తట్టుకునే జన్యువును దానికి చేర్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. దాని పక్కన నిలబెట్టి చూడాల్సిన వరి బంగ్లాదేశ్ వరద మైదానాల్లో ఉంది. అది లోతునీటి వరి. నీటితో పాటే లేస్తూ, రోజుకు 20, 25 సెంటీమీటర్ల దాకా సాగి, మనిషి మునిగే లోతులోనూ ఆకుల కొసల్ని పైనే ఉంచుకుంటుంది.

ముంపులో స్వర్ణ సబ్-1 ఎదగకుండా ఆగిపోతుంది, లోతునీటి వరి సాగిపోతుంది. అయినా రెండింటికీ ముంపు కబురు తెచ్చేది ఒకటే: మామిడికాయలు మాగబెట్టే గదుల్లో వదిలే ఇథిలీన్ వాయువు. మొక్క దాన్ని ఎప్పుడూ కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుంది. గాలిలో అయితే ఇట్టే జారుకుంటుంది. నీటిలో వాయువుల కదలిక దాదాపు 10,000 రెట్లు నెమ్మది కనుక లోపలే పేరుకుంటుంది. మునిగానని మొక్కకు తెలిసేది అలాగే.

లోతునీటి వరిలో ఆ కబురుకు రెండు స్నార్కెల్ జన్యువులు మేలుకుంటాయి. ఈతగాళ్ళు నోట పెట్టుకునే గాలిగొట్టం పేరే జపాన్ శాస్త్రవేత్తలు వాటికి పెట్టారు. నీటిపైకి తేలి అడుగుకు గాలి చేరవేసే ఆ బోలు కాండానికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచదు. ఎదుగుదలకు పగ్గం వేసే అబ్సిసిక్ ఆమ్లం తగ్గుతుంది, కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్‌ది పైచేయి అవుతుంది.

స్వర్ణ సబ్-1లోనూ అదే ఇథిలీన్ సబ్1ఎ జన్యువును లేపుతుంది. అయితే ఆ జన్యువు జిబ్బరెల్లిన్ మాట చెల్లనివ్వదు. జిబ్బరెల్లిన్ పనిచేసే తీరు చిత్రమైనది: ఎదుగుదలను బిగబట్టి ఉంచే డెల్లా ప్రోటీన్లను తొలగించి అది దారి ఇస్తుంది. సబ్1ఎ వచ్చి ఆ డెల్లానూ దాని దగ్గరి చుట్టాన్నీ పెంచుతుంది. పైరు పొడుగు సాగదు, దాచుకున్న పిండిపదార్థం ముట్టదు, రెండు వారాల దాకా నీటి అడుగున ఓర్చుకుని, నీరు తీశాక కొత్త ఆకు వేస్తుంది. అంతేనా, నీరు తీసిన చేలో ఒక్కసారిగా తగిలే ఎండకు కూడా సబ్1ఎ ఉన్న మొక్కే మెరుగ్గా నిలుస్తుంది, అబ్సిసిక్ ఆమ్లానికి అది బాగా స్పందిస్తుంది కనుక. మామూలు స్వర్ణ అదే ముంపులో పైకి అందుకోవాలని ఆరాటపడి, ఉన్నదంతా కరగదీసుకుని, నీరు తీయగానే చేలో వాలిపోతుంది. ఆ కుళ్ళు వాసన గోదావరి జిల్లాల రైతుకు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ నిగ్రహమే గెలిచిందని తీర్పు ఇవ్వడానికి నాకు మనసొప్పదు. సబ్1ఎని ఇచ్చిన ఎఫ్ఆర్13ఎ ఒడిశా నాటు వరి నుంచి ఏరినది. వచ్చి పోయే వరదకే అది సరిపోతుంది. నెలల తరబడి నిలిచే నీటిలో ఆ ఓర్పే ప్రాణం తీస్తుంది. అలాగే పది రోజుల్లో తీసే ముంపులో పొడుగు సాగడానికి పెట్టిన పిండి దండుగ. ఏది మంచి వరి అన్నది నీరు ఎన్నాళ్ళుంటుందన్నదాన్ని బట్టే తేలుతుంది.

ఇక బంధుత్వం. స్నార్కెల్ జన్యువులు 12వ క్రోమోజోముపైన, సబ్1ఎ 9వ దానిపైన ఉన్నా, అన్నీ ఇథిలీన్‌కు స్పందించే ఒకే కుటుంబం బిడ్డలు. నన్ను అంతకన్నా కదిలించింది 2018లో బయటపడిన చుట్టరికం. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పండించి చూపిన ఐఆర్8 వరి అంత పొట్టిగా ఉండటానికి కారణం, జిబ్బరెల్లిన్ తయారీకి కావలసిన ఎస్‌డీ1 జన్యువు చెడిపోవడం. అది చెడబట్టే ఎరువు ఎంత వేసినా చేను ఒరగలేదు. లోతునీటి వరిలో అదే ఎస్‌డీ1 మరో రూపంలో ఉంది. ఇథిలీన్ తగలగానే అది పుంజుకుని, జిబ్బరెల్లిన్‌ను ఎక్కువగా తయారుచేయించి, కాండాన్ని నీటిపైకి సాగదీస్తోంది.